పన్నెండు వారాల పనితనం

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. మొన్నటిదాకా సందు చివరి అంగడికి కూడా బండి తీసిన మనిషి, మూడు నెలల్లో ఆ దూరాన్ని తన కాళ్లతో దాటాలి. అందుకు దారి వేసిపెట్టినవాళ్లలో అమెరికా రచయిత, పరుగు శిక్షకుడు హాల్ హిగ్డన్ ఒకరు. కొత్తవాళ్ల కోసం ఆయన రాసిన హాఫ్ మారథాన్ పట్టిక ఒక్క కాగితంలో పడుతుంది. అడ్డంగా ఏడు రోజులు, నిలువుగా పన్నెండు వారాలు, మొత్తం 84 గళ్లు. మన బళ్లారిలో కొత్తగా బూట్లు కొన్నవాళ్లెవరికైనా దీన్ని చూపిస్తే మొదట వచ్చే మాట, "ఇంతేనా?" చూడగానే ఇంతేనా అనిపించేలా రాయడానికి ఎంత తెలిసి ఉండాలో గడి గడీ విప్పి చూస్తే అర్థమవుతుంది.

1931లో పుట్టిన హిగ్డన్ కుర్చీలో కూర్చుని సలహాలిచ్చిన మనిషి కాదు. 1964 బోస్టన్ మారథాన్‌లో ఐదో స్థానంలో వచ్చాడు. ఆ ఏడు అమెరికన్లలో ఆయనే ముందు. రన్నర్స్ వరల్డ్ పత్రికకు దశాబ్దాల పాటు రాశాడు. అంత వేగంగా పరిగెత్తిన మనిషి, వేగమే తెలియని వాళ్ల కోసం రాయడానికి కూర్చున్నప్పుడు తనకు తెలిసినదంతా కుమ్మరించాలనుకోవడం సహజం. ఆయన ఆ పని చేయలేదు.

ముందు ఆదివారాల వరస చూడండి. అది లాంగ్ రన్ రోజు. లెక్క మైళ్లలో ఉంటుంది: 4, 4, 5, 5, 6. మన లెక్కలో ఆరున్నర కిలోమీటర్ల దగ్గర మొదలై పది కిలోమీటర్లకు కాస్త తక్కువ దాకా. మొదటి నాలుగు వారాల్లో ప్రతి అంకె రెండుసార్లు వస్తుంది. తొందరపడే మనిషికి రెండో 4 దండగనిపిస్తుంది. అది ఎముకలకూ స్నాయువులకూ ఇచ్చిన గడువు. కొత్తగా పరిగెత్తేవాడి గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది, ఒళ్లు తేలికవుతుంది, ధైర్యం పెరుగుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు మాత్రం నెలలు కావాలి. ఎముక సంగతి ఇంకా చిత్రం. కొత్త బరువు పడినప్పుడు అది పాత భాగాన్ని ముందు కొంత కరిగించుకుని, ఆ తరువాత గట్టిగా కట్టుకుంటుంది. ఈ రెండు పనుల నడుమ కొన్నాళ్లు మామూలుకన్నా బలహీనంగా ఉంటుంది. ఉత్సాహం బాగా పెరిగే రోజులూ, ముంగాలి ఎముక బాగా బలహీనపడే రోజులూ ఒకేసారి రావడం అందుకే. హిగ్డన్ రెండోసారి రాసిన అంకె సరిగ్గా ఆ ఉత్సాహానికి అడ్డంగా కూర్చుంటుంది.

ఆరో వారం ఆదివారం గడిలో లాంగ్ రన్ ఉండదు. 5 కిలోమీటర్ల పోటీ అని ఉంటుంది. తొమ్మిదో వారంలో 10 కిలోమీటర్ల పోటీ. వీటికి ముందున్న ఆదివారాలు చూస్తే కిటుకు బయటపడుతుంది. ఐదో వారం దాదాపు పది కిలోమీటర్లు పరిగెత్తిన కాళ్లకు ఆరో వారం ఐదే. ఎనిమిదో వారం పదమూడు పరిగెత్తిన కాళ్లకు తొమ్మిదో వారం పది. ఈ వారం తక్కువ పరిగెత్తు అని చెబితే కొత్తవాడు వినడు, చాటుగా ఇంకో రెండు కిలోమీటర్లు కలుపుతాడు. పోటీ అంటే గీత దగ్గర ఆగిపోతాడు. దూరం తగ్గించడం, గుంపులో మొదలుపెట్టడం, ఛాతీకి నంబరు కట్టుకున్న రోజు నిద్ర పట్టకపోవడం, మొదటి కిలోమీటరులో అందరితో పాటు కొట్టుకుపోవడం, వీటన్నిటి తాలీము ఒక్క గడిలో ఇమిడింది. మన ఊళ్లో ఆ ఆదివారమే పోటీ దొరక్కపోతే నలుగురు కలిసి కొలిచిన దారి మీద పెట్టుకున్నా ఫలితం అదే.

చివరి అంకెలు 9, 10 మైళ్లు. పదకొండో వారం పది మైళ్లు, అంటే 16 కిలోమీటర్లు. పన్నెండో వారం చివర అసలు పోటీ. 21 కిలోమీటర్ల పోటీకి తయారయ్యేవాడు 16కు మించి ఎప్పుడూ పరిగెత్తడు. మిగతా ఐదు ఎక్కడ అని ప్రతివాడూ అడుగుతాడు. ఆ ఐదు పోటీ రోజుకే వదిలిపెట్టాడు హిగ్డన్. శిక్షణలోనే 21 పూర్తి చేస్తే ధైర్యం వస్తుంది, నిజమే. కానీ ఆ అలసట తీరడానికి పట్టే రోజులు పోటీకి ముందున్న రోజుల్లోంచే పోతాయి. పదహారు హాయిగా చేసిన ఒళ్లు, చివరి వారం తక్కువ పరుగుతో తేరుకుని, జనం మధ్య మిగిలిన ఐదు దాటగలదు. పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ రాయని ఐదు కిలోమీటర్లే. చదివేవాడి మీద అంత నమ్మకం పెట్టాలంటే రాసేవాడికి తన పని మీద అంతకన్నా ఎక్కువ ఉండాలి.

వారంలో సోమ, శుక్రవారాలు విశ్రాంతి. మంగళ, బుధ, గురువారాల్లో చిన్న పరుగులు. శనివారం సైకిలో, ఈతో, నడకో, అరగంటతో మొదలై గంట దాకా. బళ్లారి జీన్స్ కటింగ్ మాస్టర్లకు ఈ లెక్క చెప్పనక్కర్లేదు. ఉతికాక డెనిమ్ ఎంత కుదించుకుంటుందో ముందే చూసుకుని అంత బట్ట ఎక్కువ వదిలి కత్తెర వేస్తారు. సోమవారం గడి అలా వదిలిన బట్ట. దాన్ని కూడా పరుగుతో నింపినవాడికి పదో వారంలో అంతా బిగుతవుతుంది.

ఇక వేగం. పరుగు గళ్లలో ఎక్కడా నిమిషాలు కనబడవు. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత వేగం చాలంటాడు. కొత్తవాళ్లు దెబ్బతినేది దూరంతోనే కాదు, ప్రతిరోజూ గడియారంతో పోటీ పడి కూడా. నిమిషాలు రాయకపోవడంతో ఆ పోటీకి తావే లేకుండా పోయింది.

అంతా మెచ్చుకున్నాక ఒక మాట చెప్పాలి. బళ్లారి కోట గురించి ఊళ్లో ఒక కథ ఉంది. హైదర్ అలీ ఒక ఫ్రెంచి ఇంజనీరు చేత కోట కట్టించాడట. కట్టాక చూస్తే పక్కనున్న కుంబార గుడ్డ అనే కొండ ఇంకా ఎత్తు. అక్కడ ఫిరంగి పెడితే గుండు నేరుగా కోటలో పడుతుంది. ఆ ఇంజనీరును కోట వాకిలి దగ్గరే ఉరితీయించాడని చెప్పుకుంటారు. చరిత్ర ఏదైనా, చుట్టుపక్కల చూడకుండా గీసిన నక్షా ఎంత అందంగా ఉన్నా చాలదన్నది కథ. హిగ్డన్ ఏళ్ల తరబడి ఉన్నది మిచిగన్ సరస్సు ఒడ్డున. మన ఎండ, మన కొండలు ఆయన గళ్లలో ఉండవు. వాటిని మనమే కలుపుకోవాలి.

మొదటిది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బళ్లారిలో పగలు 40 డిగ్రీలు దాటడం వింత కాదు. పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. ఎంత నీరు పోయిందో చొక్కా చెప్పదు. అందుకని నీళ్లు తాగడానికి దాహం వేసేదాకా చూడకూడదు. ఒళ్లు వేడికి అలవాటుపడడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలూ దూరం మారకపోయినా వేగం తగ్గాలి. ఎండాకాలంలో తెల్లవారకముందే బయలుదేరడం తప్పదు. రెండోది నేల. కోట మెట్లు మొదటి నెలలో పిక్కలకు శత్రువులు, ఎక్కడం కన్నా దిగడం మోకాళ్లకు ఎక్కువ దెబ్బ. కాలువ గట్టు మట్టి దారి దొరికితే లాంగ్ రన్‌కు అంతకన్నా మేలు లేదు. సండూరు వైపు దారులు చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఖనిజం లారీలూ ఎర్ర దుమ్మూ తిరిగే వేళ అటు వెళ్లకపోవడమే మంచిది. లాంగ్ రన్ అయ్యాక ఏం తినాలన్న దిగులు మాత్రం ఈ ఊళ్లో లేదు. బొరుగుల ఉగ్గాని ఉంది, పక్కన బజ్జీ ఉంది. బజ్జీలు ఎన్నన్నది ఎవరి మనస్సాక్షి వారిది.

పట్టికకు ఇంకో లోటు కూడా ఉంది. మొదటి మంగళవారమే మూడు మైళ్లు పరిగెత్తమంటుంది. అసలు అర కిలోమీటరుకే ఆగిపోయేవాడు ఏం చేయాలి? దానికి జవాబు జెఫ్ గాలోవే దగ్గర ఉంది. 1972 ఒలింపిక్స్‌లో పది వేల మీటర్లు పరిగెత్తిన ఆయన, 1974లో కొత్తవాళ్ల తరగతి చెబుతూ పరుగు నడుమ నడకను లెక్క ప్రకారం పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవడం. నిమిషం పరుగు, నిమిషం నడకతో రెండు నెలలు గడిపి, ఐదు కిలోమీటర్లు చేతికొచ్చాక హిగ్డన్ మొదటి గడిలో అడుగు పెడితే ఆ లోటు తీరుతుంది.

నిదానం కొత్తవాళ్లకే అనుకుంటే పొరపాటు. ఇదే జిల్లాలో, తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో, 2018లో మొదలైన ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్ ఉంది. 2019 మే నెలలో మోచేతికి ఆపరేషన్ అయ్యాక నీరజ్ చోప్రా కోలుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. ఆ ఏటి ప్రపంచ పోటీలు వదులుకున్నాడు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో ఈటెను 87.86 మీటర్లు విసిరి టోక్యోకు అర్హత తెచ్చుకున్నాడు. 2021లో స్వర్ణం. ప్రపంచస్థాయి చేతికే అన్ని నెలల ఓపిక కావలసి వస్తే, ఆఫీసు కుర్చీలోంచి లేచిన కాళ్లకు పన్నెండు వారాలు ఎక్కువేమీ కాదు.

మనకు దగ్గర్లోని పెద్ద పోటీల్లో ఒకటి హైదరాబాద్ మారథాన్. 2011 నుంచి హైదరాబాద్ రన్నర్స్ సంఘం నడుపుతున్న ఆ పోటీ ఆగస్టు చివర్లో జరుగుతుంది. వరసగా వచ్చే ఫ్లైఓవర్లకు పేరుపడింది. అక్కణ్నించి పన్నెండు వారాలు వెనక్కి లెక్కపెడితే జూన్ మొదట్లో వస్తాం. ఉష్ణం తగ్గి గాలి మొదలయ్యే రోజులు. గాలోవే నడకల కోసం ఇంకో రెండు నెలలు వెనక్కి వెళ్తే ఏప్రిల్, అంటే నడి ఎండాకాలం. కాబట్టి అసలు కొత్తవాళ్లు సంక్రాంతి దాటాక, పొద్దున చల్లగా ఉండగానే నడక-పరుగు మొదలుపెట్టి, ఎండల్లో ఉన్న శక్తిని నిలుపుకుంటే చాలు. జూన్‌లో పట్టిక తీయవచ్చు. తీసినవాళ్లు చేయాల్సింది ఒక్కటే: రాసినదానికి ఒక్క కిలోమీటరు కూడా కలపకుండా ఉండడం. హిగ్డన్ పనితనమంతా కలపకపోవడంలోనే ఉంది. దాన్ని పాటించడం మాత్రం పరిగెత్తేవాడి పనితనం.