అడుగుట అవమానమా?

మన కడపసీమలో పెండ్లి కుదిరినదనగానే ఇంటివారి తలపునకు మొదట వచ్చు పట్టణము ప్రొద్దుటూరు. చెన్నూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములవారు శుభకార్యము వచ్చినపుడెల్ల సొమ్ములకై అచ్చటికే ప్రయాణము గట్టుదురు. బంగారపు వర్తకముచేతను వస్త్రవ్యాపారముచేతను ఆ పట్టణమునకు రెండవ బొంబాయి యను పేరు కలిగినది. ఇంతటి వర్తకస్థానము మన చేరువ నుండుట సంతోషింపదగినదే. కాని వర్తకము పెరిగినంతగా కొనువారి వివేకము పెరిగినదా యని విచారించినచో సమాధానము అంత సంతోషకరముగా లేదు. ఈ వ్యాసము వర్తకులను నిందించుటకు వ్రాసినది కాదు. కొనువారమగు మనలో వాడుకపడిన కొన్ని యభిప్రాయములను పరీక్షించుట మాత్రమే దీని యుద్దేశము.

చేతిఫోను కొనుటకు పోయిన గృహస్థుని చూడుడు. పెట్టెమీది యక్షరములన్నియు చదువును. గ్యారంటీ యెన్ని నెలలని అడుగును. బిల్లును మడిచి బీరువాలో దాచును. మూడు నాలుగేండ్లలో పాతబడిపోవు వస్తువునకు ఇంతటి జాగ్రత్త! ఆ గృహస్థుడే తన కూతురికి తరతరములు నిలువవలసిన గొలుసు కొనునపుడు "మనకు తెలిసిన అంగడి" యన్న యొక్క మాటతో తృప్తి నొందును. ఫోనును గూర్చి యడిగినవాడు తెలివిగలవాడు. బంగారమును గూర్చి యడిగినవాడు అనుమానపువాడు. ఈ తలక్రిందుల న్యాయము మనలో నెట్లు ప్రవేశించినదో చూడవలసియున్నది.

మొదటి యభిప్రాయము: "మన తాతల నాటినుండి ఆ యంగడిలోనే కొనుచున్నాము, ఇప్పుడు పరీక్ష యన్నచో వారి మనసు నొచ్చుకొనదా?" ఈ మాటలోని మర్యాద మెచ్చదగినదే. అయితే పరీక్షించుట మర్యాదకు భంగమని మన పెద్దలు ఎన్నడును తలంపలేదు. బంగారపుపనివాడు కొనువాని కన్నులయెదుటనే సొమ్మును గీటురాయిమీద గీచి వన్నె చూపుట మన దేశమున అనాదిగా వచ్చిన ఆచారము. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణమున స్వర్ణకారులపై తనిఖీ యెట్లుండవలెనో విపులముగా చెప్పబడినది; తక్కెడతో చేయు మోసము మొదలుకొని బంగారమును అపహరించు ఉపాయములు ఐదింటిని ఆ గ్రంథకర్త పేర్కొని వివరించెను. కాళిదాసంతటి మహాకవి రఘువంశారంభమున తన కావ్యమును సజ్జనులు పరీక్షింపవలెనని కోరుచు, బంగారపు మేలిమి అగ్నిలోనే తేలునని పోలిక చెప్పెను. తన కవిత్వమును పరీక్షింపుమని ఆయన అడుగుటకు సిగ్గుపడలేదు. నలుబది గ్రాముల గొలుసును పరీక్షింపుమనుటకు మనమేల సిగ్గుపడవలెను? పూర్వులు గీటురాయిని నమ్మిరి. మనము గీటురాయిని విడిచి, ముఖపరిచయమును నమ్ముచున్నాము. ఇది పూర్వాచారము కాదు, పూర్వాచారమును మరచిపోవుట.

రెండవ యభిప్రాయము దీనికి ఎదురుగా నిలుచును: "ముద్ర ఎవరైనను కొట్టవచ్చును, యంత్రమేమి చెప్పునో ఎవరికి తెలియును?" ఇట్లు పలుకువారు తాము శాస్త్రీయముగా సందేహించుచున్నామని తలంతురు. సందేహము శాస్త్రమునకు మొదటి మెట్టే కాని, మెట్టుమీదనే కూర్చుండిపోయినవాడు మేడకు చేరడు. సందేహించినవాడు తెలిసికొనవలెను గదా. తెలిసికొనదగిన విషయము ఇంతే.

మన దేశమున బంగారపు సొమ్ములకు హాల్‌మార్కు వేయుటను భారతీయ ప్రమాణముల సంస్థ 2000వ సంవత్సరమున ఆరంభించినది. అప్పుడది వర్తకుల ఇష్టముపై నుండెను. 2021 జూన్ మాసమున 256 జిల్లాలలో నిర్బంధమై, పిమ్మట క్రమముగా మరికొన్ని జిల్లాలకు వ్యాపించినది. 2021 జూలై నుండి ప్రతి సొమ్మునకును అక్షరములు, అంకెలు కలసిన ఆరు స్థానముల గుర్తును వేయుట మొదలైనది. 2023 ఏప్రిల్ 1వ తేదీ నుండి నిర్బంధమున్నచోట్ల ఈ గుర్తు గల హాల్‌మార్కు సొమ్ములనే అమ్మవలెనని నియమమేర్పడినది. ఒక సొమ్ముకున్న గుర్తు వేరొక సొమ్మునకు ఉండదు. ఇప్పుడు సొమ్ముపై చూడవలసినవి మూడు: సంస్థ చిహ్నము, మేలిమిని తెలుపు అంకె, ఈ ఆరు స్థానముల గుర్తు. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750, 14 క్యారెట్లకు 585 అని యుండును. వేయిపాళ్లలో మేలిమి బంగారము ఎన్ని పాళ్లో ఆ యంకె చెప్పును. రెండు గ్రాములకు లోపలి సొమ్ములకును, ఏటా 40 లక్షల రూపాయలకు మించని వ్యాపారము గల చిన్న వర్తకులకును మినహాయింపు గలదు.

"ముద్ర ఎవరైనను కొట్టవచ్చు" నన్నవారి సందేహమునకు సమాధానము ఆ యారు స్థానములలోనే యున్నది. బి.ఐ.ఎస్. కేర్ అను పేరుతో సంస్థవారు ఫోనులో ఒక ఉపకరణమును ఉచితముగా అందించుచున్నారు. అందులో ఆ గుర్తును వ్రాసినచో, సొమ్ము ఏ రకమైనదో, మేలిమి యెంతయో, ఎచ్చట పరీక్షింపబడినదో కనబడును. చేతిలో గొలుసుండగా అక్కడ ఉంగరమని కనబడినచో ఆ ముద్ర దొంగముద్రయని పదేండ్ల బాలికయు చెప్పగలదు. సినిమాలకును చాడీలకును నిత్యము తెరచు ఫోనును ఈ పనికి నిమిషము తెరచుటకు మనకు తీరిక లేకున్నది.

యంత్రమును గూర్చిన సందేహములోను కొంత నిజము లేకపోలేదు. అంగళ్లలో క్షణములో ఫలితము చూపు ఎక్స్‌రే యంత్రము సొమ్ము పైపొరనే చదువును. లోపలి మాట దానికి తెలియదు. అందుచేతనే పరీక్షాకేంద్రములలో అగ్నిపరీక్ష కూడ గలదు. సొమ్మునుండి తీసిన రవ్వంత బంగారమునకు వెండి చేర్చి, సీసపురేకులో చుట్టి, ప్రత్యేకమైన మూసలో కాల్చుదురు. రాగి మొదలగు హీనలోహములు సీసముతో కూడ ఆ మూసలోనికి ఇంకిపోవును. మిగిలిన గుండు నుండి నైట్రిక్ ఆమ్లము వెండిని కరగించివేయును. తుదకు మిగిలిన శుద్ధసువర్ణమును తూచి, మొదటి తూకముతో పోల్తురు. కాళిదాసు చెప్పిన అగ్నికి నేటి రసాయనశాస్త్రము తక్కెడను తోడిచ్చినదన్నమాట. ఇందు నమ్మకమునకు గాని అపనమ్మకమునకు గాని తావు లేదు, తూకమునకే తావు. మన చేతిలోని సొమ్మును కూడ రుసుము చెల్లించి ఇట్టి కేంద్రమున పరీక్షింపించుకొనవచ్చును. నాలుగు సొమ్ముల వరకు రెండు వందల రూపాయలని 2022లో నిర్ణయించిరి. పెండ్లిలో ఒక్క పూట తాంబూలముల ఖర్చు అంతకన్న నెక్కువ.

మూడవ యభిప్రాయము అన్నిటికన్న హానికరమైనది: "బిల్లు వద్దన్నచో మూడు శాతము పన్ను మిగులును." తెల్లకాగితముపై వ్రాసిన చీటీని పుచ్చుకొని, ప్రభుత్వమును గెలిచితిమని ఇంటికి వచ్చువారు మన ఊళ్లలో అరుదు కారు. పన్ను ఎగవేయుట అధర్మమను మాటను ఒక క్షణము ప్రక్కన బెట్టి, కేవలము లాభనష్టముల లెక్కయే వేయుదము. 22 క్యారెట్లదని చెప్పి 18 క్యారెట్ల గొలుసు నెవరైన అంటగట్టిరనుకొందము. 916 పాళ్లకు వెల యిచ్చి 750 పాళ్లు తెచ్చుకొంటిమి. నలుబది గ్రాముల గొలుసులో ఆరున్నర గ్రాములకు పైగా మేలిమి బంగారము తగ్గినది. అనగా బంగారమునకిచ్చిన వెలలో నూటికి పదునెనిమిది రూపాయలు పోయినవి. మూడు రూపాయలు మిగుల్చుకొనుటకై పదునెనిమిది రూపాయలను సాక్ష్యము లేకుండ పరులచేతిలో పెట్టుట ఏ గణితము? చట్టము కొనువానిపక్షమున నిలుచుటకు సిద్ధముగానే యున్నది. 2018 నాటి నిబంధనల ప్రకారము మేలిమి తగ్గినచో, తగ్గిన విలువకు రెండింతలును పరీక్షరుసుమును కొనువానికి చెల్లింపవలెను. కాని ఆ సొమ్ము ఆ యంగడిలోనే కొన్నదని చూపు కాగితమేది? దానిని మనమే వద్దంటిమి గదా!

నాలుగవ యభిప్రాయము: "చట్టములు కలవారికే గాని మనవంటివారికి కావు, కోర్టుకెక్కిన ఇల్లు గుల్ల." సివిలుకోర్టుల జాప్యమును చూచినవారికి ఈ మాట సహజమే. వినియోగదారుల కమిషన్లలోను తీర్పులు చట్టము చెప్పిన గడువును దాటుట కలదు. అయినను అవి వేరు ద్వారములని తెలిసికొనవలెను. 1986లో పుట్టిన వినియోగదారుల రక్షణచట్టమునకు బదులుగా 2019 నాటి చట్టము 2020 జూలై నుండి అమలునకు వచ్చినది. ఐదు లక్షల రూపాయల వరకు విలువగల వ్యవహారమున ఫిర్యాదునకు రుసుము లేదు. ప్లీడరును పెట్టుకొనవలెనను నిర్బంధము లేదు. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలెను. మన జిల్లాకు కడపలోనే కమిషను గలదు. 1915 అను నంబరునకు ఫోను చేసి ముందుగా సలహా యడుగవచ్చును. ఈ ద్వారమును ఒకసారియైన తట్టకయే అది మూసియున్నదని చెప్పుట న్యాయము కాదు.

ఇంతవరకు చెప్పినది రూపాయల లెక్క. దీని వెనుక మనుష్యుల లెక్క యొకటి గలదు. మన యిండ్లలో బంగారము అలంకారము మాత్రమే కాదు. పెక్కుమంది స్త్రీలకు తమదని చెప్పుకొనదగిన ఆస్తి అదియొక్కటే. వానలు తప్పిన యేట, శనగపంట పోయిన యేట, బిడ్డ చదువునకు రుసుము కట్టవలసిన నాడు, ఆసుపత్రిలో దిగిన నాడు మెడలోని గొలుసే బ్యాంకుకు పోవును. అప్పిచ్చువారు రాళ్ల బరువు తీసివేసి, మేలిమిని చూచి, ఉన్న బంగారమునకే విలువ కట్టుదురు. అనగా సొమ్ము నిజము కొన్ననాడు తెలియదు. కుదువ పెట్టిన నాడు తెలియును. పెండ్లిపందిటిలో ఎవరును అడుగని ప్రశ్న, ఆపదలో నున్న యొక యిల్లాలు బల్ల ముందర నిలిచియుండగా సమాధానమై ఎదురగును. మగవారి మొగమాటమునకు వెల చెల్లించునది ఆమె. కొనుటకు పోయినపుడు మాత్రము నమూనా నచ్చినదా యని తప్ప మరి యే ప్రశ్నయు ఆమెకు విడిచిపెట్టరు.

స్త్రీధనము స్త్రీకే సంపూర్ణముగా చెందునని, భర్త దానికి ధర్మకర్త వంటివాడే యని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున స్పష్టముగా చెప్పినది. అట్టి హక్కు ఉన్నదనుట వేరు, దానిని ఋజువు చేయుట వేరు. సంసారము చెడి సొమ్ములు అత్తవారింట చిక్కుకొన్న నాడు, ఏ సొమ్ము, ఎంత బరువు, ఎవరు పెట్టినది అని యడిగినచో ఆమె చేతిలో నేమి యుండును? తండ్రి ఆమె పేర వ్రాయించిన బిల్లు అప్పుడు గొప్ప సాక్ష్యము. తెల్లచీటీ తెచ్చిన తండ్రి తన కూతురికి బంగారమిచ్చి, బంగారముపై హక్కును అంగడిలోనే విడిచివచ్చినవాడు.

ఇక ప్రకటనల ప్రభావము. "తరుగు లేదు", "మజూరి సగమే" యని గోడలమీదను ఫోనులలోను అక్షరములు మెరయుచుండును. తరుగు లేదన్న చోట మజూరి యెంత? మజూరి తగ్గించినచోట రాళ్లకు వెల యెట్లు కట్టిరి? ఇవి అడుగువారు కొలది. దానధర్మములకు ప్రసిద్ధమైన అక్షయతృతీయ నేడు కొనుగోలు పండుగయై, అప్పుచేసియైనను గ్రాము బంగారము కొనకున్న లోపమను భయమును పుట్టించుచున్నది. పురాణము ఇమ్మన్నది, ప్రకటన కొమ్మన్నది, మనము ప్రకటననే పురాణమనుకొంటిమి. ఇట్టి పుకారే మరియొకటి: ముద్ర లేని పాత సొమ్ములు చెల్లవని భయపడి వచ్చిన వెలకు అమ్ముకొనువారు కలరు. అది నిజము కాదు. నియమము అమ్ము వర్తకునికే గాని, ఇంటిలోని పాత సొమ్మునకు కాదు. దానిని ఉంచుకొనవచ్చును, పరీక్షింపించుకొనవచ్చును, వర్తకునికి అమ్మవచ్చును.

కావున గృహస్థులారా, గృహిణులారా, అంగడిలో నాలుగు మాటలు అడుగుటకు వెనుదీయకుడు. ముద్రను భూతద్దముతో చూపుమనుడు. ఆరు స్థానముల గుర్తును ఫోనులో సరిచూడుడు. రాళ్ల బరువును బంగారపు బరువును వేరువేరుగా చెప్పుమనుడు. నికర బరువు, మేలిమి, మజూరి, హాల్‌మార్కు రుసుము విడివిడిగా వ్రాసిన బిల్లును సొమ్ము ఎవరిదో వారి పేరనే తీసికొనుడు. ఈ ప్రశ్నలకు నిజాయితీ గల వర్తకుడు నొచ్చుకొనడు. తన నిజాయితీకి వెల కట్టుటకు కొనువాడొకడు వచ్చినాడని సంతసించును. అడుగనివారి మధ్య మంచి వర్తకునికిని చెడ్డ వర్తకునికిని భేదము తెలియదు. ఆ నష్టము మంచివానిదే. నొచ్చుకొన్నవాడు కనబడినచో మన ప్రశ్న అప్పుడే తన పని చేసినది. అట్టి యంగడి మెట్లు దిగి వచ్చుటకు ప్రొద్దుటూరిలో అంగళ్లకు కొదువ లేదు.