పదుగురి కంఠమున ఒక్క నాదము

రాజభవన్ దారిలో వాహనముల హోరు క్షణమైనను తెరపి యీయని సోమాజిగూడలో నివసించు నాకు, పదిమంది ఒక్క గొంతుకతో పాడునప్పుడు పుట్టు నాదముపై గల మమకార మింతింత గాదు. సముద్రములు దాటి పరదేశీయుల యెదుట పాడబోవు బృందగాయకుని విద్యను మనవారు తగినంతగా గుర్తింపలేదని నా యభిప్రాయము. మన శాస్త్రీయ సంగీతము ఏకాకి గాయకుని మనోధర్మమునకు పెద్దపీట వేసినది. బృందగాయకుడో, తన గమకమును ప్రక్కవాని గమకముతో సరితూచి, ఊపిరి యెక్కడ తీయవలెనో యెరిగి, తన కంఠము వేఱుగా వినబడకుండుటయే కౌశలమని నమ్మినవాడు. పరభాషలో పాడునప్పుడు శ్రమ మరియు నధికము: ఫ్రెంచి అనునాసికము మన నాలుకకును, మన ళకారము వారి నాలుకకును ఒకనాట పట్టువడునవి కావు. ఆ తడబాటునందే పరస్పర గౌరవము మొలకెత్తును.

పాశ్చాత్యులు ఒకే గేయమును హెచ్చుతగ్గు స్థాయిల స్వరమార్గములుగా విభజించి యల్లుదురు. ఆ యల్లికను భారతీయ భాషల పాటలలోనికి తెచ్చిన ఎం. బి. శ్రీనివాసన్ చిత్తూరున 1925లో జన్మించి, మద్రాసు యూత్ క్వయర్‌ను స్థాపించిన ధన్యుడు.

కడలి దాటిన పాట తిరిగి వచ్చుటయు కలదు. కాలిఫోర్నియా తెలుగువారి సిలికానాంధ్ర పూనికతో 2009 మే 10న సికింద్రాబాదు పెరేడ్ మైదానమున లక్షకు పైగా గాయకులు అన్నమయ్య సంకీర్తనము లేడింటిని కలిసి పాడిరి.

చదువరీ, మీ వీథిలో బృందగానాభ్యాసము జరుగుచున్నచో, గడప కడ నిలిచి ఒక్క పాటయైనను వినుడు.