కణుపు లేని చోట

శివరాత్రికి నెల ముందే మా వైపు ఊళ్ళలో వెదుళ్ళు దిగుతాయి. కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుని బండి మీద నిలబెట్టి తీసుకెళ్ళే ఎత్తైన ప్రభ లేవాలి. 80 అడుగులు దాటిన విద్యుత్ ప్రభ కూడా నిలబడేది వెదురు మీద, తాడు మీద. వెదురుకు మేకు పడదు, పీచు వెంట నిలువునా చీలుతుంది. అందుకే కట్టు.

చిన్నప్పుడు పెదనాన్నకు తాళ్ళు అందించేవాణ్ణి. పై అంచెల్లో రెండు చుట్లు చుట్టి ముందుకు పోయేవాడు. మొదలు దగ్గరికి, బండి మీద గుంజ కూర్చునే చోటికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదించేది. జానెడు జానెడుకీ ముడి.

"పైన అంత తొందరగా కట్టావు, ఇక్కడేంది పెదనాన్నా ఇంతసేపు?"

"గాలి కొట్టేది పైనరా. విరిగేది ఇక్కడ."

నేనిప్పుడు నరసరావుపేటలో సాయంత్రాలు ఇంజనీరింగ్ పిల్లలకు మెష్ చేయడం నేర్పుతున్నాను. ఒక వస్తువు బరువుకు ఎంత వంగుతుందో, ఎక్కడ బిగుసుకుంటుందో ఒకే సమీకరణంలో తేలనప్పుడు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తాం. ఒక్కో ముక్క లెక్క సులువు. ఆ ముక్కల అల్లికే మెష్. ముక్కలన్నీ నోడ్ల దగ్గర కలుస్తాయి. నోడ్‌కు తెలుగుమాట వెతుక్కోనక్కర్లేదు, వెదురుకు ఉన్నదే: కణుపు. 1943లో రిచర్డ్ కూరంట్ మెలిపడే కడ్డీ లెక్కకు ఇలాగే త్రిభుజాలు వాడాడు. 1960లో రే క్లఫ్ ఈ పద్ధతికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు.

మేం వాడేది జీమెష్. క్రిస్టోఫ్ గుజైన్, జాన్ ఫ్రాంస్వా రెమాకల్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్. లెక్క కట్టడానికి కాల్క్యులిక్స్. దాన్ని రాసిన గీడో డోంట్, క్లౌస్ విట్టిగ్ విమాన ఇంజన్ల కంపెనీలో పనిచేసినవాళ్ళు. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ అయితే కాలేజీ ల్యాబ్ తలుపు మూసేదాకే పిల్లలకు దక్కుతుంది. ఇవి ల్యాప్‌టాప్‌లో ఇంటికి వెళ్తాయి. అంతకన్నా నాకు నచ్చింది, జీమెష్ ఫైలు మామూలు అక్షరాల్లో ఉండటం. ఏ బిందువు దగ్గర ముక్క ఎంత చిన్నదిగా ఉండాలని గీసిన పిల్లలు అనుకున్నారో చదివి తెలుసుకోవచ్చు. బొమ్మ చూసి మార్కులు వేయను, ఆ ఫైలు చదివి వేస్తాను.

మెష్ తప్పితే ఏమవుతుందో చెప్పమని అడిగితే నార్వే కథ చెబుతాను. 1991 ఆగస్టు 23న స్టవాంగర్ దగ్గర సముద్రపు పాయలో స్లైప్నర్-ఎ అనే చమురు వేదిక కాంక్రీటు పునాదిని నీళ్ళలోకి దించి పరీక్షిస్తున్నారు. మూడు గోడలు కలిసే మూల ఒకటి పగిలింది. నీళ్ళు లోపలికి దూకాయి, మొత్తం మునిగిపోయింది. ప్రాణాలు పోలేదు కానీ కోట్ల డాలర్లు అడుగుకు చేరాయి. విచారణలో తేలిందేమంటే, డిజైన్ చేసినప్పుడు సరిగ్గా ఆ మూలల్లోనే మెష్ ముతకగా ఉంది. అక్కడి కోత బలాన్ని 47 శాతం తక్కువగా చూపించింది. ఆ లెక్కను నమ్మి గోడలు పల్చగా పోశారు, ఇనుము చాలలేదు. తర్వాత మెష్‌ను జాగ్రత్తగా చేసి చూస్తే 62 మీటర్ల లోతులో పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. సిద్ధాంతం అదే. తేడా అంతా మూలలో ముక్కలది.

అలాగని అంతటా సన్నగా చేస్తే పని జరగదు. ఘనంలో ముక్క కొలత సగం చేస్తే ముక్కలు ఎనిమిదింతలవుతాయి. నేను కంప్యూటర్లో గీసింది పెదనాన్న కట్టే ప్రభనే. అందులో పల్చని గోడ ఉన్న వెదురు బొంగును ఘనపు ముక్కలతో నింపబోతే లక్షలు దాటుతాయి. బొంగుకు గీత చాలు, బీమ్ అంటాం. మొత్తం ప్రభ కొన్ని వందల ముక్కల్లో తేలిపోతుంది. మొదలు దగ్గర గుంజను బండికి పట్టి ఉంచే ఇనుప పట్టీకి మాత్రం ఘనం కావాలి. అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. మనం అడగకపోతే జీమెష్ నాలుగు కణుపుల ముక్కనే ఇస్తుంది. అది ఉన్నదానికన్నా బిరుసుగా ప్రవర్తిస్తుంది, వంగాల్సినంత వంగదు. పది కణుపులది అడిగి తీసుకోవాలి.

ఆ పట్టీ దగ్గర నేను మూడు రాత్రులు ఇరుక్కున్నాను. ముక్కలు సగం చేసినకొద్దీ ఒత్తిడి పెరుగుతూనే ఉంది, నిలకడ లేదు. మెష్‌దే తప్పనుకున్నాను. తప్పు నా బొమ్మది. లోపలి మూలను కత్తితో కోసినట్టు గీశాను. అలాంటి మూలలో ఒత్తిడికి అంతు ఉండదని సిద్ధాంతమే చెబుతుంది, ఎంత సన్నగా కోస్తే అంత పెరుగుతుంది. అసలు పట్టీలో వెల్డింగ్ గుండ్రంగా తిరిగి ఉంది. దాన్ని కొలిచి గీశాక రెండోసారి సగం చేసేసరికే అంకె కుదురుకుంది.

గుడివాడలో పుట్టిన సత్య అట్లూరి మెష్ అవసరం లేని పద్ధతుల కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. ఈ మూడు రాత్రుల తర్వాత ఆయన పట్టుదల నాకు మరింత బాగా అర్థమైంది.

ఇక గాలి. సెకనుకు 10 మీటర్ల గాలి చదరపు మీటరు మీద దాదాపు 6 కిలోల బరువుతో నెడుతుంది. 20 మీటర్లయితే 12 కాదు, 24. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. ప్రభ ముఖం తెరచాపలా నిటారుగా ఉంటుంది, ఆ తోపంతా మొదలును వంచుతుంది. లెక్క పూర్తయ్యాక ఒత్తిడి ఎక్కువై బొమ్మలో ఎర్రగా వచ్చిన చోటు పెదనాన్న జానెడుకో ముడి వేసిన చోటే.

మొన్న ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి ఆయనకు చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. మొదలు చూసి తల ఊపాడు. తర్వాత వేలు పైకి జరిపి సగం ఎత్తులో ఆపాడు.

"దారెంట పిల్లలు మోకులు పట్టుకుని నడుస్తారుగా, అవేవిరా?"

పెట్టలేదన్నాను.

"మోకు కణుపు పైనే కడతాం, కిందికి జారకుండా. నీ బొమ్మలో ఇక్కడ కణుపేది?"

నిజమే, లేదు. గీత ఆ చోటును దాటి నేరుగా పోయింది. నోడ్ లేకపోతే మోకు లాగే బలాన్ని పెట్టడానికి చోటే లేదు. ఒక్కో మోకు ఎంత ఎత్తులో కడతారో అడిగి రాసుకుని, ఆ రాత్రే నాలుగు చోట్లా బిందువులు పెట్టి మెష్ మళ్ళీ చేశాను.