దత్తం, సీమ, ప్యాకేజీ: రాయలసీమ అసమానతపై పాఠ విమర్శ

1. ప్రస్తావన

రాయలసీమ వెనుకబాటును సాహిత్య విమర్శ ఎక్కువగా వానలేమితో ముడిపెట్టి చూసింది. ఆ వెనుకబాటును తీరుస్తామన్న పత్రాల భాషను కూడా పరిశీలించవలసి ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించడంతో ‘దత్తమండలాలు’ అనే పేరు ఏర్పడింది. 1928 నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ ఆ స్థానంలో నిలిచింది. ఒకరు మరొకరికి ఇచ్చిన వస్తువుగా మిగలడానికి ఇక్కడి ప్రజలు అంగీకరించలేదనడానికి ఈ పేరుమార్పే సాక్ష్యం.

2. శ్రీబాగ్ ఒడంబడిక

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక సమానుల మధ్య ఒప్పందంగా రూపొందింది. సీమను, నెల్లూరును కోస్తా జిల్లాల స్థాయికి తేవడం దాని లక్ష్యం. తుంగభద్ర, కృష్ణా, పెన్నా జలాల వినియోగంలో ప్రాధాన్యం సాధనం. పదేళ్లు, అవసరమైతే అంతకుమించి గడువు. అంటే అందులో కొలత ఉంది. చట్టబలం మాత్రం లేదు.

3. సెక్షన్ 46

15వ ఆర్థిక సంఘం పన్నుల వాటాను రాష్ట్రాలకు పంచడంలో ఆదాయ అంతరానికి 45 శాతం వెయిటేజీ ఇచ్చింది. ఆ అంతరాన్ని రాష్ట్రం యూనిట్‌గా లెక్కించారు. అందువల్ల కృష్ణా డెల్టా మాగాణి, అనంతపురం మెట్ట ఒకే సగటులో కలిసిపోతాయి. రాష్ట్రంలోని అంతరాలను ఈ సూత్రం చూడలేదు కనుకనే ప్రత్యేక నిబంధన అవసరమవుతుంది. 2014 పునర్విభజన చట్టంలోని సెక్షన్ 46 రాయలసీమ, ఉత్తర కోస్తాలను పేర్కొని ‘తగిన’ ప్రోత్సాహకాలు ఇవ్వాలన్నది. ఏ స్థాయికి, ఎప్పటిలోగా అన్నది చెప్పలేదు. ఆచరణలో అది ఏడు జిల్లాలకు ఏటా 50 కోట్ల రూపాయల చొప్పున సాయంగా మారింది. జనాభాలో, వర్షపాతంలో, సాగునీటి వసతిలో భిన్నమైన జిల్లాలకు ఒకే మొత్తం కేటాయించడం అంతరాన్ని కొలవలేదనడానికి నిదర్శనం.

హైదరాబాద్-కర్ణాటక ప్రాంతానికి 2012 నాటి సవరణ చట్టం ద్వారా రాజ్యాంగంలో చేర్చిన 371(జె) అధికరణం ప్రత్యేక అభివృద్ధి మండలికీ, దాని పనితీరుపై శాసనసభకు వార్షిక నివేదికకూ అవకాశం కల్పించింది. అది అసమానతను తొలగించిందని చెప్పడం కాదు. జవాబుదారీతనానికి ఒక రూపం ఇచ్చిందన్నది గమనార్హం. సెక్షన్ 46లో ఆ రూపం లేదు.

4. ముగింపు

ఒడంబడికలో హక్కుగా పలికినది ప్యాకేజీలో సాయంగా మారింది. ‘దత్తం’ అనే పదం పోయినా దాని అర్థం మరో రూపంలో తిరిగి వచ్చింది. ఈ పరిణామాన్ని పరిగణించని విమర్శ, సీమ కథల్లోని కరువును ప్రకృతి శాపంగానే చదువుతుంది. దాని వెనుక ఉన్న కేటాయింపుల చరిత్రను విస్మరిస్తుంది.