తడి తగలకుండా

పండగంటే బండి కడగాలి. గుంటూరు జిల్లాలో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మినియాపొలిస్ వచ్చిన తొలి ఏడు సంక్రాంతికి నేనూ అదే చేశాను. ఆ మధ్యాహ్నం ఏ మూడ్‌లో ఉందో వాతావరణం, సున్నా సెల్సియస్‌కి రెండు డిగ్రీలు పైకి వచ్చింది. రోడ్ల మీద చల్లే ఉప్పు పట్టి కారు విభూది పూసుకున్న బైరాగిలా ఉంది. తీసుకెళ్లి శుభ్రంగా కడిగించాను, పసుపూ కుంకుమా పెట్టాను. సాయంత్రం అందరం మేపుల్ గ్రోవ్ గుడికి వెళ్లాం.

రాత్రి తొమ్మిదింటికి బయటికొచ్చేసరికి సున్నాకి పదిహేను కింద ఉంది. రిమోట్ నొక్కితే లైట్లు మిణుకుమన్నాయి, లోపల టక్కుమని తాళం వచ్చిన చప్పుడూ వినబడింది. హ్యాండిల్ లాగితే మాత్రం తలుపు కదల్లేదు. నాలుగూ అంతే. పట్టుచీర మీద కోటు వేసుకున్న మా ఆవిడ నావైపు చూసిన చూపుకి ఇంకో అయిదు డిగ్రీలు పడిపోయాయి. చివరికి డిక్కీ తలుపు తెరుచుకుంటే, పట్టుపంచెతో అందులోంచి పాక్కుంటూ ముందు సీటుకి చేరాను. లోపల్నుంచి భుజం ఆనించి తోస్తే తలుపు ఊడొచ్చింది. కానీ ఊడొచ్చిన తలుపు మళ్లీ పడితేనా! లాచ్ గడ్డకట్టి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. ఎన్నిసార్లు వేసినా తిరిగొస్తోంది. సీటు బెల్టు తెచ్చి తలుపు పిడికి కట్టి, హీటర్ పూర్తిగా పెంచి ముప్పావుగంట కూర్చుంటే అప్పుడు పడింది.

మర్నాడు ఫోన్లో నాన్నకి చెబితే ఆయన నవ్వి, "తాళం బిగిస్తే రెండు చుక్కలు కొబ్బరినూనె వెయ్యాలిరా, ఆమాత్రం తెలీదూ?" అన్నారు. మా వీధి తలుపు తాళంకప్పకి ఆయన ఏటా వానాకాలం ముందు చేసే వైద్యం అది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. పుష్యమాసంలో తలకి రాసుకోవడానికి మా అమ్మ సీసాని ఎండలో పెట్టేది కూడాను. ఇక్కడ తాళంలో పోస్తే కొవ్వొత్తి బిరడా బిగించినట్టే. ఆ మాట నాన్నతో అనలేదు. "సరే నాన్నా" అని పెట్టేశాను.

అప్పట్నుంచి ఈ విషయం మీద నాకు కాస్త పట్టు దొరికింది. ముందు వీడిన భ్రమ ఏమిటంటే, చలి ఎక్కువైతే తలుపులు గడ్డకడతాయన్నది. 2019 జనవరి 30న మా ఊళ్లో సున్నాకి 33 డిగ్రీలు కిందకి వెళ్లింది. ఆ పొద్దున నా తలుపు ఏ పేచీ పెట్టకుండా తెరుచుకుంది. అంత చలిలో మంచు ఎండిన పొడిలా ఉంటుంది, విదిలిస్తే రాలిపోతుంది. ప్రమాదమంతా సున్నాకి అటూఇటూ ఊగే రోజులతోనే. మధ్యాహ్నం కరుగుతుంది, నీరై సందుల్లోకి దిగుతుంది, రాత్రికి బిగుస్తుంది. గడ్డకట్టే నీరు ఇంచుమించు తొమ్మిది శాతం ఉబ్బుతుంది కాబట్టి ఉన్న సందునల్లా నింపేసి కూర్చుంటుంది. వెచ్చటి గరాజ్‌లోంచి మంచు కరిగిన కారుని తీసి ఆఫీసు ముందు ఆరుబయట పెట్టడం కూడా ఇలాంటిదే.

నీరు చేరే చోట్లు మూడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్, హ్యాండిల్ వెనకాల కీలూ లాచూ, తాళంచెవి కన్నం. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది బీడింగే. తలుపు బయటి రేకు బాగానే ఉంటుంది, రబ్బరు మాత్రం అవతలి రేకుకి అతుక్కుపోతుంది. బలంగా లాగితే రబ్బరు చిరిగి చేతికొస్తుంది. లేదా ప్లాస్టిక్ హ్యాండిలే విరుగుతుంది.

నాకీ పని నేర్పినవాడు మా పక్కింటి పెద్దాయన. నలభై ఏళ్లు మెకానిక్‌గా చేసి మానుకున్నాడు. అక్టోబర్‌లో ఎండ కాసే ఒక ఆదివారం చూసుకుని నాలుగు తలుపులూ బార్లా తెరుస్తాడు. ముందు బీడింగ్‌ని తడిగుడ్డతో తుడుస్తాడు, తర్వాత పొడిగుడ్డతో, ఆ తర్వాత పూర్తిగా ఆరేదాకా కూర్చుని కాఫీ తాగుతాడు. ఈ కాఫీ దగ్గరే నాలాంటివాళ్లం తొందరపడేది. తడి మీద ఏది రాసినా, ఆ తడిని లోపలే దాచినట్టవుతుంది. ఆరాక సిలికాన్ స్ప్రేని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో బీడింగ్ అంతా రాస్తాడు. నేరుగా రబ్బరు మీద కొడితే సగం సీట్ల మీదా అద్దాల మీదా పడుతుంది. పెట్రోలియం నూనెలు, గ్రీజులు రబ్బరుకి పనికిరావు, ఉబ్బి మెత్తబడిపోతుంది. వంటనూనె స్ప్రే రాసేవాళ్లని కూడా చూశాను. ఒక్క రాత్రికి గట్టెక్కిస్తుందేమో, తర్వాత జిడ్డు కట్టి దుమ్ము పడుతుంది.

తాళం కన్నంలోకి ఆయన గ్రాఫైట్ పొడి ఊదుతాడు, పెన్సిల్ ములుకులో ఉండేదే. నూనెలా చిక్కబడదు, దుమ్ము పట్టదు. అయితే నూనె పోసిన తాళంలో దీన్ని వేస్తే ముద్దకట్టి అసలుకే మోసం. గ్రాఫైట్ అయితే గ్రాఫైటే, ఇంకోటైతే ఇంకోటే. అందరి ఇళ్లల్లో ఉండే నీలం పసుపు డబ్బా డబ్ల్యూడీ-40 గురించి అడిగితే, దాని పేరే చదవమన్నాడు. 1953లో సాన్ డియాగోలో తయారైనప్పుడు దాని పని నీటిని తరమడం, పేరులోని రెండక్షరాలూ అవే. నీటిని బయటికి తోలడానికి మంచిదే, కానీ చలికాలమంతా తాళంలో కాపలా ఉండే సరుకు కాదు అన్నాడు.

ఆయన గుడ్డ పట్టుకుని కూర్చున్న తీరు చూస్తుంటే నాకు మా అమ్మ ఆవకాయ పెట్టే రోజు గుర్తొచ్చింది. ముక్కలు తుడిచి ఆరబెట్టడం, జాడీ ఎండలో బోర్లించడం, "తడి చెయ్యి పెట్టావంటే చంపేస్తాను" అని బెదిరించడం. ఆ రోజు ఇంట్లో నీళ్ల గ్లాసు పట్టుకుని తిరగడం కూడా నేరమే. ఉప్పూ కారమూ నూనే ఆవకాయని కాపాడతాయని అందరూ అనుకుంటారు గానీ, అసలు కాపలా ఆ పొడిగుడ్డది. మా పెద్దాయనకి ఆవకాయ రుచి చూపించి ఈ పోలిక చెప్పాను. ముక్క నోట్లో పెట్టుకున్నాక పోలిక విన్నాడో లేదో తెలీదు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకరోజు బిగుస్తుంది. అప్పుడు చేయాల్సింది లాగడం కాదు, తోయడం. హ్యాండిల్ వదిలేసి, తలుపు అంచుల మీద అరచేతులతో, నడుముతో గట్టిగా అదమాలి. రబ్బరు నలిగి మంచు పొర చిట్లుతుంది. మరిగే నీళ్లు పోయొద్దు. అద్దం పగలొచ్చు, పగలకపోయినా ఆ నీళ్లే పది నిమిషాల్లో కొత్త మంచు. కన్నంలో మంచుంటే చేతులకి రాసుకునే శానిటైజర్ తాళంచెవికి పూసి మెల్లగా దూర్చండి, అందులో ఉండే ఆల్కహాల్ కరిగిస్తుంది. లైటర్‌తో చెవిని కాల్చే పాత చిట్కా ఈ రోజుల్లో వద్దు, చెవి పిడిలో చిప్ ఉంటుంది. అసలు ఈ తరం కార్లకి కన్నం ఉందనే చాలామందికి తెలీదు. డ్రైవర్ తలుపు హ్యాండిల్ దగ్గర ఓ మూత కింద దాక్కుని ఉంటుంది, చెవేమో రిమోట్ పొట్టలో. రిమోట్ బ్యాటరీ చలికి చచ్చుబడ్డ రోజున వెతుక్కునే బదులు ఇప్పుడే ఓసారి చూసుకోవడం మేలు. ఇక తలుపులో కలిసిపోయి, నొక్కితే బయటికొచ్చే కొత్తరకం హ్యాండిళ్ల సంగతి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మంచు పొర కప్పిందంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మా మిన్నెసోటా రాష్ట్రంలో ఉండేవాడికి నేనైతే సిఫారసు చెయ్యను.

మిన్నెసోటా మాటలు మాకెందుకు అనుకునే టెక్సస్ బంధువులకి ఒక్క మాట. 2021 ఫిబ్రవరిలో డల్లాస్ విమానాశ్రయంలో సున్నాకి 19 డిగ్రీలు కింద నమోదైంది. అక్కడ గడ్డకట్టే వాన బెడద కూడా ఉంటుంది. హ్యాండిల్‌కి గాజు తొడుగు వేసినట్టు పడుతుంది. మాకైతే డబ్బా, గుడ్డ ఇంట్లో ఉంటాయి. మీకు ఆ రోజు ఏ కొట్లోనూ దొరకవు.

కాబట్టి ఈ ఆదివారం ఎండ ఉంటే పాత బనీను గుడ్డ ఒకటి పట్టుకుని కారు దగ్గరికి వెళ్లండి. మంచు కరిగించే స్ప్రే డబ్బా కొన్నవాళ్లు దాన్ని కోటు జేబులోనో, వీధి గుమ్మం దగ్గరో పెట్టండి. నేను కొన్న మొదటి డబ్బాని కారు డ్యాష్‌బోర్డు సొరుగులో పెట్టి తాళం వేశాను.