తాడు గట్టు వైపు, పడవ నీటి వెంట

ధాన్యం బస్తాలు నింపిన పడవను ఇద్దరు మనుషులు కాలువ గట్టు మీద నడుస్తూ తాడుతో లాక్కుపోవడం గోదావరి జిల్లాల్లో పెద్ద వయసువాళ్లు చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్లకు మాత్రం ఒక సందేహం రావాలి. లాగేవాళ్లు నడుస్తున్నది గట్టు మీద. తాడు పడవను ఏటవాలుగా గట్టు వైపే గుంజుతుంది. మరి పడవ వచ్చి గట్టుకు గుద్దుకోకుండా కాలువ మధ్యన తిన్నగా ఎలా పోతుంది?

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో సదిశల విభజన అని ఒక పాఠం ఉంటుంది. నున్నటి బల్ల మీద చెక్క దిమ్మ, దానికి ఏటవాలుగా ఒక బాణం గుర్తు, సైన్ తీటా, కాస్ తీటా. ఏ కాలువ గట్టు మీదుగా నడిచి కాలేజీకి వచ్చారో ఆ పిల్లలే ఆ దిమ్మను బట్టీ పడతారు. వాళ్ల తాతల కాలంలో పడవవాళ్లు అదే లెక్కను రోజూ భుజాల మీద మోశారని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

లెక్క ఇదీ. తాడు పొడవు ముప్పై మీటర్లు, పడవ గట్టుకు పది మీటర్ల దూరంలో ఉంది అనుకుందాం. వంద కిలోల బలంతో లాగితే అందులో 94 కిలోలు పడవను ముందుకు నడిపిస్తాయి, 33 కిలోలు గట్టు వైపు గుంజుతాయి. రెండూ కలిపితే వంద దాటిందేమని కంగారు పడనక్కర్లేదు. ఒకదానికొకటి లంబంగా ఉన్న బలాలను నేరుగా కూడరు, వాటి వర్గాలను కూడతారు. అదే తాడును పదిహేను మీటర్లకు కుదిస్తే ముందుకు వెళ్లే వాటా 75కి పడిపోతుంది, గట్టు వైపు గుంజుడు 67కి పెరుగుతుంది. తాడు పొడుగ్గా ఉంటే చాకిరీ వృథా కాదన్నమాట. కానీ పొడుగు తాడు బరువుకు కుంగి గట్టు మీది తుమ్మ కంపకు చిక్కుకుంటుంది. అందుకే దాన్ని పడవ మీద నిలిపిన కొయ్యకు ఎత్తున కడతారు.

ఆ కొయ్య ఉన్న చోటులోనూ పనితనం ఉంది. తాడును పడవ ముక్కుకు కడితే ముక్కు గట్టుకేసి తిరిగిపోతుంది. కాస్త వెనక్కి, కొయ్యకు కడితే తిప్పే బలం తగ్గుతుంది. మిగిలిన కాస్తను వెనక చుక్కాని పట్టినవాడు సరిదిద్దుతాడు. పడవ ముక్కును రవ్వంత లోపలికి, కాలువ నడిమికి తిప్పి ఉంచితే దాని పొడవాటి పక్క నీటిని ఒత్తుతుంది, నీరు తిరిగి దాన్ని ఒత్తుతుంది. గట్టు వైపు గుంజుతున్న 33 కిలోలకు జవాబు అక్కడ దొరుకుతుంది. గట్టు మీద లాగేవాడికీ చుక్కాని పట్టినవాడికీ మధ్య ముప్పై మీటర్లకు పైనే దూరం. ఇద్దరినీ కలిపేది ఆ తాడు బిగువే.

ఇద్దరు మనుషులు టన్నుల బరువును ఎలా లాగుతారన్నది రెండో ప్రశ్న. బరువంతా నీరే మోస్తుంది కాబట్టి మనుషులు గెలవాల్సింది నీటి నిరోధాన్ని ఒక్కదాన్నే. నడక వేగంలో అది చాలా తక్కువ. అయితే వేగం రెండింతలు చేస్తే నిరోధం దాదాపు నాలుగింతలు అవుతుంది, క్షణక్షణానికి ఖర్చయ్యే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. పడవవాళ్లు తాపీగా నడిచింది బద్ధకంతో కాదు.

ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ పట్టుదలకు వెనుక ఉన్నదీ ఈ లెక్కే. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాలువలు పొలాలకు నీళ్లిస్తే చాలదు, సరుకులూ మోయాలని ఆయన కోరిక. రైలు కంటే నీటి మీద రవాణా చవక అని జీవితాంతం వాదించాడు. డెల్టాకు అన్నం పెట్టినవాడిగా కాటన్ విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. పడవ దారులు వేసినవాడిగా ఆయన్ను తలచుకునేవాళ్లు మాత్రం అరుదు.

పడవ దారికి లాకులు కావాలి. ఎగువ కాలువ ఎత్తులో, దిగువ కాలువ పల్లంలో ఉంటే మధ్యలో రాతి గోడల గది, దానికి రెండు పక్కలా జంట తలుపులు. దగ్గరికి వెళ్లి చూస్తే ఈ తలుపులు మూసినప్పుడు గోడలాగా తిన్నగా ఉండవు, ఎగువ వైపుకు కోసుగా పొడుచుకొచ్చి ఉంటాయి. పదిహేనో శతాబ్దం చివర మిలాన్ కాలువల కోసం లియొనార్డో డావిన్చీ గీసిన తలుపులూ ఈ తీరువే. ఎగువ నీరు ఎంత నెడితే రెండు రెక్కలూ అంత గట్టిగా ఒకదానికొకటి ఆనుకుంటాయి. నీటి బలమే గడియ. రెక్క వెడల్పు మూడు మీటర్లు, నీటి మట్టంలో తేడా రెండు మీటర్లు అనుకుంటే ఆ రెక్క మీద పడే బలం కనీసం ఆరు టన్నులు ఉంటుంది. దాన్ని తెరవడం ఎవరి తరమూ కాదు. అందుకే ముందు కింది చిన్న తూము ఎత్తుతారు. గదిలోకి నీరు సుడులు తిరుగుతూ వస్తుంది, పడవ మెల్లగా పైకి లేస్తుంది. రెండు వైపులా మట్టం ఒకటయ్యేసరికి ఆ బలం కాస్తా సున్నా అవుతుంది. అప్పటిదాకా చలించని తలుపును మనుషులు తోసి తెరుస్తారు. తొందరపడితే అంగుళం కదలదు. గోదావరి డెల్టాలో పీడనం పాఠం చెప్పడానికి లాకు కంటే మంచి ప్రయోగశాల లేదు. పాత లాకుల దగ్గరకు పిల్లల్ని తీసుకెళ్లే బడులు పెరగాలి.

లాగే పడవకూ అలల శాస్త్రానికీ పాత చుట్టరికం ఉంది. 1834 ఆగస్టులో స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో దగ్గరి కాలువలో గుర్రాలు లాగుతున్న పడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. పడవ ఆగినా దాని ముందు పోగైన నీరు ఆగలేదు. నున్నటి ఒంటి అలగా లేచి ముందుకు సాగిపోయింది. జాన్ స్కాట్ రస్సెల్ అనే ఇంజనీరు గుర్రమెక్కి దాన్ని మైలుకు పైగా వెంబడించాడు. ఆ అల గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగంతో పోయింది. లోతు తక్కువ నీటిలో పొడవైన అల వేగాన్ని నిర్ణయించేది లోతు. రెండు మీటర్ల లోతున్న మన కాలువలో అది గంటకు పదహారు కిలోమీటర్లు. ఇంజను పడవ ఆ వేగానికి దగ్గరపడితే తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. డీజిలు తగలబడుతుంది, గట్లు కోసుకుపోతాయి. ఇదే సూత్రాన్ని నాలుగు వేల మీటర్ల లోతున్న సముద్రానికి వర్తింపజేస్తే వేగం గంటకు ఏడొందల కిలోమీటర్లు దాటుతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర పుట్టిన సునామీ సుమారు రెండున్నర గంటల్లో మన తీరాన్ని తాకింది అందుకే.

కాలువ వదిలి నదిలోకి వస్తే గెడ చేతిలోకి వస్తుంది. గెడను నేలకు ఆనించి వెనక్కి నెడితే పడవ ముందుకు పోతుందన్నది న్యూటన్ మూడో నియమం. లోతు పెరిగేకొద్దీ గెడ నిలువుగా అవుతుంది, నెట్టిన బలం పడవను ముందుకు తోయడం మాని పైకి ఎత్తడానికి ఖర్చవుతుంది. అక్కడితో గెడ దించి తెడ్డు పడతారు, గాలివాటం ఉంటే తెరచాప ఎత్తుతారు. గెడకు మరో పని ఉంది, లోతు చూడటం. వేసవిలో నీరు తేటగా ఉన్నప్పుడు ఇసుక చేతికందేలా కనిపిస్తుంది. పైనుంచి చూసేవాడికి నాలుగడుగుల నీరు మూడడుగుల్లాగే ఉంటుంది, నీటిలోంచి గాలిలోకి వచ్చేటప్పుడు కాంతి వంగడమే కారణం. ఎర్రనీళ్లు వచ్చాక అసలేమీ కనపడదు. అందుకే పడవవాడు కంటిని కాదు, గెడను నమ్ముతాడు.

గోదావరి మీద ఈ లెక్కలు తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి తెలుసు. పాపికొండల దగ్గర నది రెండు కొండల మధ్య ఇరుకవుతుంది. అదే నీరు తక్కువ వెడల్పులోంచి పోవాలి కాబట్టి వడి పెరుగుతుంది. వడి రెండింతలైతే పడవ మీద దాని తోపుడు నాలుగింతలు. 2019 సెప్టెంబర్ 15న, నది వరద మీద ఉన్నప్పుడు, కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పర్యాటక బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. నది అడుగున ఉన్న ఆ బోటును అక్టోబర్ 22న బయటికి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతోనూ ఇనుప తాళ్లతోనూ. తాడు ఏ కోణంలో లాగాలో తెలిసిన విద్య అంత విషాదంలోనూ అక్కరకు వచ్చింది. ఆ విద్య ఉన్న మనుషులను వరద వచ్చినప్పుడే కాక మామూలు రోజుల్లోనూ గుర్తుంచుకోవాలి. పడవ ఎక్కించుకునేవాళ్లందరికీ ఈ బలాల పాఠం, లైఫ్ జాకెట్టుతో సమానంగా, తప్పనిసరి చేయాలి.

కాలువల్లో సరుకు పడవలు రైళ్ల తోటీ లారీల తోటీ పోటీపడలేక వెనకబడ్డాయి. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, గోదావరి, కృష్ణా నదుల్లో కొంత మేరనూ కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీది జలమార్గం కంటే రేవు దాటించే పంటు పడవ దగ్గరే ఈ విద్య ఇప్పటికీ సజీవంగా ఉంది.

నరసాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు దాటేటప్పుడు దాన్ని నడిపే సరంగును గమనించండి. లెక్కకు నది కిలోమీటరు వెడల్పు, పంటు వేగం సెకనుకు రెండు మీటర్లు, ప్రవాహం ఒక మీటరు అనుకుందాం. అవతలి రేవుకు సూటిగా గురిపెడితే ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లలో ఒడ్డు చేరతారు, కానీ రేవుకు అర కిలోమీటరు దిగువన. అందుకని అతను ముక్కును ముప్పై డిగ్రీలు ఎగువకు తిప్పి పెడతాడు. పంటు పక్కవాటుగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది, తొమ్మిది నిమిషాల ముప్పై ఏడు సెకన్లకు సరిగ్గా రేవులో ఆనుతుంది. అదీ నీరు దిగువకు పారుతున్నప్పుడు. సముద్రం దగ్గరే కాబట్టి పోటు వేళ నీరు ఎగువకు ఎక్కుతుంది, పాటు వేళ దిగుతుంది. పొద్దున ఎగువకు గురిపెట్టిన సరంగే పోటు బలంగా ఉంటే మధ్యాహ్నం దిగువకు గురిపెట్టి అదే రేవుకు చేరుస్తాడు.