సున్నా ఎకరాలు ఎక్కడ పోయినయి?

భూమి గురించి మాట్లాడేటప్పుడు ముందుగా సగటు చెప్పడం మన చదువుకున్న వర్గానికి అలవాటు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతం సగటు విస్తీర్ణం 1.08 హెక్టార్లు. షెడ్యూల్డు కులాల కమతం సగటు 0.78 హెక్టార్లు, అంటే రెండెకరాలకు కాస్త తక్కువ. ఈ అంకె చదివినవాళ్లు దళితులకు తక్కువైనా ఎంతో కొంత భూమి ఉన్నదనుకుంటారు. మా వాడలో ఈ మాట చెప్తే నవ్వుతరు. ఆ గణన లెక్కపెట్టేది కమతాలను. కమతమే లేని ఇల్లు అందులో సున్నాగా కూడా ఉండదు. ఉన్నోళ్ల సగటును లేనోళ్ల పేరు మీద చెలామణి చేయడమే ఇక్కడి తిరకాసు.

సగటును నమ్మొద్దు, మొత్తం పంపిణీని చూపండి అనే మాట ఇప్పుడు పరిశోధకుల్లో గట్టిగానే వినబడుతున్నది. మంచి మాటే. దానికి వాడుతున్న పరికరాల్లో ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ముఖ్యమైంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన దీని 1.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. పైసా ఖర్చు లేదు. అందులోని జీజీప్లాట్2తో కులానికొక పెట్టె చొప్పున బాక్స్ ప్లాట్ గీయడం రెండు మూడు లైన్ల పని. మధ్యలో ఉన్న సగం మంది పెట్టెలో ఉంటారు. పెట్టెలోని గీత మధ్యగతం. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటి దూరంగా ఉన్నవాళ్లు విడి చుక్కలు. వాళ్లను ఔట్‌లయర్లు అంటారు. అంటే బయట ఉన్నవాళ్లు. ఊర్లో బయట ఉండేది మా వాడ. భూమి గ్రాఫులో బయట ఉండేది మాత్రం దొర.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో నేను సేకరించిన కుటుంబాల వివరాలను మొదటిసారి ఇట్లనే గీసిన. ఈ మూడూ పాత పాలమూరు జిల్లా ముక్కలే, 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలైనవి. నలుగురు పెద్ద రైతుల వల్ల గ్రాఫు పైకి సాగిపోయి, మిగతావాళ్లంతా నేలకు అంటుకుపోయిన్రు. ఇట్లాంటప్పుడు లాగ్ స్కేలు వాడాలని పాఠాలు చెప్తయి. వాడిన. గ్రాఫు ముచ్చటగా వచ్చింది, పెట్టెలన్నీ దగ్గరదగ్గర ఎత్తుకు చేరినయి. తెర మీద ఒక మూలన చిన్న హెచ్చరిక: కొన్ని వరుసలు తొలగించినట్టు. ఏ వరుసలు? సున్నాకు లాగరిథం లేదు. గుంటెడు జాగ లేని ప్రతి ఇల్లూ గ్రాఫులో నుంచి పోయింది. అందులో మా అమ్మ వరుస కూడా ఉన్నది. పొద్దు పొడవకముందే ఇంకొకరి చేన్లో కూలికి దిగిన మనిషి, కొడుకు గీసిన గ్రాఫులోనే లేకపాయె.

సాఫ్ట్‌వేర్‌ను తిట్టి లాభం లేదు. అది చెప్పే తీసేసింది. కానీ ఆ హెచ్చరిక అచ్చుకెక్కదు, గ్రాఫు ఒక్కటే అచ్చుకెక్కుతుంది. కులాల మధ్య భూమి తేడా పెద్దగా లేదనే అబద్ధం అట్ల నిజంగా మారుతుంది. ఇంకొక పద్ధతిలో ఎకరాల అక్షానికి వైలిమ్‌తో పైన హద్దు పెడతారు. అది హద్దు దాటినవాళ్లను ముందే తీసేసి, మిగిలినవాళ్లతోనే మధ్యగతం కడుతుంది. కోఆర్డ్ కార్టీసియన్ వాడితే ఎవరూ పోరు, మన చూపు మాత్రమే దగ్గరికి జరుగుతుంది. లాగ్ స్కేలులో కూలి పోతాడు, వైలిమ్‌లో దొర పోతాడు. ఇద్దరూ పోయినంక మిగిలినదాన్ని పంపిణీ అంటే ఎట్ల?

పెట్టె దాచే సంగతులు ఇంకా ఉన్నయి. ఊర్లోనే ఉండి కూలి చేసేవాళ్లు, మేస్త్రీ వెంట వలసపోయే పాలమూరు లేబర్ ఏడాదికి చేసే పని దినాలు రెండు వేర్వేరు కుప్పలుగా పడొచ్చు. అప్పుడు మధ్యగతం గీత ఎవరూ లేని ఖాళీ జాగలో పడొచ్చు. పెట్టె చూసినవాళ్లకు ఆ సంగతి తెలువదు. పదిమంది ఉన్న కులానికీ వెయ్యిమంది ఉన్న కులానికీ మామూలుగా ఒకే వెడల్పు పెట్టె వస్తుంది.

అసలు గుంపులు కట్టింది ఎవరు? వ్యవసాయ గణన ఎస్సీ, ఎస్టీలను, సంస్థల కమతాలను విడదీసి, బీసీనీ రెడ్డినీ ‘ఇతరులు’ అనే ఒకే గంపలో వేస్తుంది. ‘ఎస్సీ’ అన్నది కూడా ఒక గంపే. 1994 నుంచి మాదిగ దండోరా అడిగింది ఇదే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనన్నది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాలు మూడు గ్రూపులైనయి. ఇంత జరిగినంక కూడా ‘ఎస్సీ’కి ఒకే పెట్టె గీయడం సాంకేతిక నిర్ణయం కాదు, రాజకీయ నిర్ణయం.

1900లో పారిస్ ప్రదర్శనకు డుబోయిస్, ఆయన విద్యార్థులు జార్జియా నల్లజాతి ప్రజల భూమినీ ఆస్తినీ చేత్తో రంగులు వేసి పటాలుగా గీసిన్రు. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలో అంబేద్కర్, విస్తీర్ణం ఒక్కటే చూసి కమతం గిట్టుబాటు తేల్చలేమన్నాడు. జూరాల కాలువ కింది ఎకరం, వాన కోసం ఎదురుచూసే మెట్ట ఎకరం గ్రాఫులో ఒకే ఎత్తున ఉంటయి. గింజల్లో మాత్రం ఉండవు.

కాబట్టి మన పిల్లలు ఈ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. నేర్చుకొని వేరేగా గీయాలి. భూమిలేనివాళ్లు నూటికి ఎందరో ముందు ఒక విడి గ్రాఫుగా చూపాలి. ఆ తర్వాతనే భూమి ఉన్నవాళ్ల పంపిణీ. పెట్టె మీద ఒక్కో ఇంటికి ఒక చుక్క పెట్టాలి. పెట్టె కింద ఎన్ని ఇండ్లో రాయాలి. ఎన్ని వరుసలు పోయినయో, ఎవరివి పోయినయో గ్రాఫు కిందనే అచ్చువేయాలి. నేను నా గ్రాఫు మళ్లీ గీసిన. ముచ్చటగా లేదు. అడుగున సున్నా దగ్గర చుక్కలు ఒకదాని మీద ఒకటి నల్లగా కమ్ముకున్నయి. అందులో ఒకటి మా అమ్మది.